పదహారు పౌన్ల చక్రం

"పది పౌన్లకి తెగ్గోసెయ్," అన్నాడు ఉమాకాంతం. "మద్రాసులో అందరూ పదికే కోయిస్తున్నారు."

కృపారావు, ఇంజను నించి విప్పి బల్ల మీద పెట్టిన ఇనప చక్రాన్ని రెండు చేతులా లేపి కాటాలో పెట్టాడు. ఇరవై నాలుగు పౌన్లు. అంచు మీద గోటితో గీకాడు. గోటికి నల్లటి పొడి అంటుకుంది.

"ఇది పోత ఇనుమండి. పదహారు దాకా పోవచ్చు. అంతకన్నా దిగితే నేను చెయ్యను."

నందిగామలో హైదరాబాదు రోడ్డు పక్కనున్న రత్తయ్య లేతు షెడ్డుకి లారీ ఇరుసులు, నూనె మిల్లు రోలర్లు, పంపుల షాఫ్టులు వచ్చేవి గాని, ఇలాంటి పని ఎప్పుడూ రాలేదు. బయట చింతచెట్టు నీడలో ఎర్రటి ఇంగ్లీషు కారు నిలబడి ఉంది. రెండే సీట్లు, గుడ్డ టాపు, పొడుగాటి మూతి. జగ్గయ్యపేటలో మిరపకాయల కమీషను దుకాణమూ, రెండు వందల ఎకరాలూ ఉన్న బాలసుబ్రహ్మణ్యంగారి ఒక్కగానొక్క కొడుకు ఉమాకాంతం దాన్ని మద్రాసులో ఎవరో కాఫీతోట దొర దగ్గర కొన్నాడు. వచ్చే నెల మద్రాసు దగ్గర పాత విమానాల మైదానంలో పందేలున్నాయి. అరవై రెండో సంవత్సరం పందెంలో తన పేరు పేపర్లో పడాలని అతని పట్టుదల.

"ఇదిగో చూడు." ఉమాకాంతం ఇంగ్లీషు పత్రిక తెరిచి బొమ్మ చూపించాడు. చక్రం నిండా జల్లెడలాగా బొక్కలు. "ఇట్టా బొక్కలు పెడితే పదికొస్తుందా రాదా?"

"వస్తదండి. కాని ఆ బొమ్మలోది ఉక్కు. పోతకి బొక్క పెడితే బొక్క దగ్గర్నించి చీలిక పుడద్ది. ఇంజను నిమిషానికి ఐదువేల చుట్లు తిరిగేటప్పుడు ముక్క ఊడిందనుకోండి, మీ కాళ్ళ కిందున్న రేకు దాన్ని ఆపలేదు."

"నాకు పాఠం చెబుతున్నావా?"

"చక్రం సంగతి చెబుతున్నానండి."

షెడ్డు యజమాని రత్తయ్య మధ్యలోకొచ్చాడు. "బాబుగారూ, వీడు బెజవాడ రైలు కార్ఖానాలో చేసొచ్చినోడు. చేతిలో పనుంది, నోట్లోనే లేదు. పదహారు చేయించి చూడండి. చాలకపోతే మళ్ళీ కోయొచ్చు. కోసింది అతకలేం గదండీ."

ఉమాకాంతం పత్రిక మడిచి చంకలో పెట్టుకున్నాడు. "ఎల్లుండి మధ్యాహ్నానికి నా బండి నాక్కావాలి," అని రత్తయ్యతో చెప్పి, కృపారావు వంక చూడకుండా వెళ్ళిపోయాడు.

షెడ్డు మూల ఆయిల్ ఇంజను దడదడలాడుతోంది. దాని పక్కన మనిషి ఎత్తు చక్రాలు రెండు తిరుగుతున్నాయి. ఆ బరువే ఇంజన్ని నిదానంగా, ఒకే తీరుగా నడిపిస్తుంది. మోటారు కారులోనూ అంతే. ఇంజను వెనక ఉండే ఈ ఫ్లైవీలు చక్రం ఎంత బరువుంటే అంత నింపాదిగా వేగం పుంజుకుంటుంది, అంత నింపాదిగా దిగుతుంది. బరువు తగ్గిస్తే కాలు ఆనించీ ఆనించకముందే లేస్తుంది, కాలు తీస్తే అంత చప్పునా పడిపోతుంది. పందెగాళ్ళకి కావలసింది ఆ చురుకు.

చక్రాన్ని లేతుకి బిగించి, అంచు ఏ మాత్రం ఊగకుండా సరిచూసుకోడానికే కృపారావుకి గంటన్నర పట్టింది. క్లచ్ ఆనే మొహాన్ని ముట్టుకోలేదు, పళ్ళ చుట్టునీ ముట్టుకోలేదు. వెనకవైపు అంచుకి దగ్గర్లో, బరువు ఎక్కువ పనిచేసే చోట, కొద్దికొద్దిగా తీసుకుంటూ వచ్చాడు. పోత ఇనుము ఉక్కులాగా చుట్టలుగా రాదు, పొడిగా రాలుతుంది. మధ్యాహ్నానికి కనుబొమలూ, ముక్కు రంధ్రాలూ, పళ్ళ సందులూ నల్లబడ్డాయి. ప్రతి గంటకీ విప్పి తూచాడు. ఇరవై ఒకటి. పంతొమ్మిది. పదిహేడున్నర. పదహారు దగ్గర పడేటప్పుడు రత్తయ్య మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపేశాడు.

మర్నాడు పొద్దున్న చక్రానికి ఇరుసు తొడిగి, రెండు ఇనప పట్టీల అంచుల మీద దొర్లించాడు. ఎటు బరువుంటే అటు కిందికి తిరిగి ఆగుతుంది. ఆగిన చోట సుద్దతో గీటు పెట్టి, వేలిగోరంత లోతు తొలిచి, మళ్ళీ దొర్లించాడు. పదకొండుసార్లు అలా చేశాక, ఎక్కడ వదిలితే అక్కడే నిలబడింది చక్రం. అప్పుడుగాని మంచినీళ్ళు తాగలేదు.

మూడో రోజు పదింటికల్లా చక్రం, క్లచ్, గేరుబాక్సు ఎక్కించేశాడు. చేతులు కిరసనాయిలుతో కడుక్కుని, గోధుమరంగు తోలు సీటు మీద ఉతికిన గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు. మొదటిసారి బండి కదలనే లేదు. క్లచ్ వదిలేసరికి దగ్గి ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి యాక్సిలరేటరు ఇంకాస్త తొక్కి, ఇంజన్ని రేజ్ చేసి, చక్రం వేగం పడిపోకముందే క్లచ్చిని నూలుపోగు వదిలినట్టు నిదానంగా వదిలాడు. కదిలింది. అనాసాగరం దాకా వెళ్ళి వచ్చాడు. గేరు మార్చినప్పుడల్లా ఇంజను అతని కాలు చెప్పిన మాట చెప్పినట్టు విన్నది. అతనికి తెలియకుండానే పెదాల మీద నవ్వొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడే ఉమాకాంతానికి చెప్పాల్సింది మనసులో కూర్చుకున్నాడు. 'బాబుగారూ, బయల్దేరేటప్పుడు పాత అలవాటున వదిలితే ఆగిపోద్ది. కాస్త రేజ్ ఎక్కువివ్వండి, క్లచ్ మాత్రం మెల్లిగా వదలండి. జనంలో జాగ్రత్త, కాలు గట్టిగా పడితే ఎగురుద్ది. నాలుగు రోజులు ఖాళీ రోడ్డు మీద అలవాటు చేసుకోండి.'

షెడ్డు ముందు కారు ఆపేసరికి ఉమాకాంతం అక్కడే ఉన్నాడు, ఒక స్నేహితుడితో.

"ఎవడెక్కమన్నాడు నిన్ను?"

కృపారావు దిగాడు. "నడిపి చూడాలి గదండీ. పట్టా పరిచే కూర్చున్నా."

"పట్టా పరిచాడంటరా!" అన్నాడు ఆ స్నేహితుడు, నవ్వుతూ.

ఉమాకాంతం నవ్వలేదు. "రత్తయ్యా, మీ షెడ్డులో ఎవరు పడితే వాళ్ళు నా సీట్లో కూర్చుంటారా? కడిగించు."

రత్తయ్య మొహం పాలిపోయింది. కృపారావు వైపు చూసి, ఆ చూపు నిలపలేక నేల మీదికి తిప్పాడు. "పోనీలే కృపారావ్... ఓ బకెట్టు నీళ్ళు పట్రా."

రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డవాళ్ళు పది మంది దాకా ఉన్నారు. సోడాబండి వాడు గోళీ నొక్కడం మానేసి చూస్తున్నాడు. కృపారావు బకెట్టు తెచ్చాడు. తను కూర్చున్న చోటుని తనే కడిగాడు. వీపు ఆనిన చోటు. చేతులు పట్టుకున్న స్టీరింగు. తోలు పాడవకుండా పొడిగుడ్డతో తుడిచాడు కూడా. పిడికిలిలో గుడ్డ ఎంత బిగిసిందంటే, వేళ్ళు విప్పుకోడానికి రెండో చెయ్యి కావాల్సొచ్చింది.

ఉమాకాంతం సీటు మీద తువ్వాలు పరిపించుకుని ఎక్కాడు. సెల్ఫ్ నొక్కాడు. ఇంజను ఒక్కసారిగా లేచేసరికి అతని కళ్ళు మెరిశాయి. అదే హుషారులో, ఏ కళనున్నాడో గాని, కృపారావు వైపు తిరిగి అడిగాడు.

"ఇంకేమన్నా ఉందా?"

కూర్చుకున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి.

"ఏం లేదండి," అన్నాడు కృపారావు.

కారు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేస్తే మళ్ళీ ఆగింది. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. మూడోసారి గట్టిగా తొక్కి వదిలేసరికి, కారు కుందేలులా ఎగిరి, దుమ్ము లేపుకుంటూ జగ్గయ్యపేట వైపు పోయింది. పక్కసీట్లో స్నేహితుడి తల వెనక్కి కొట్టుకోవడం కృపారావు చూశాడు. బకెట్టులో మిగిలిన నీళ్ళు రోడ్డు మీద పారబోసి లోపలికెళ్ళాడు.

*

సాయంత్రం బడి నించి వచ్చి దీపం వెలిగిస్తున్న భార్య జయమణికి అంతా చెప్పాడు. సీటు సంగతి వింటున్నప్పుడు ఆమె అగ్గిపుల్ల వేలిదాకా కాలింది. ఆమె మిషను బళ్ళో టీచరు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

"మీరు కడిగారా?" అంది.

"కడిగా."

"ఆ నీళ్ళు మొహాన కొట్టాల్సింది."

"ఇంకో రకంగా కొట్టాలే." బండి ఎలా ఆగిపోయిందో, ఎలా ఎగిరిందో చేతులూపుతూ చూపించాడు. "ఇంకేమన్నా ఉందా అని నోరారా అడిగాడు. ఏం లేదండి అన్నా. పేట సెంటర్లో ఇట్టాగే నాలుగుసార్లు ఆగిపోవాలి. మిరపకాయల వీధి అంతా చూసి నవ్వాలి."

జయమణి కూడా నవ్వింది. ఆ పూట అతను రెండుసార్లు మారు అన్నం పెట్టించుకున్నాడు.

*

మర్నాడు పన్నెండింటికి రత్తయ్య పేట నించి బస్సు దిగి నేరుగా లేతు దగ్గరికొచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది.

"ఇంజను ఆపు," అన్నాడు.

కృపారావు బెల్టు తప్పించాడు.

"నిన్న సాయంత్రం మిరపకాయల వీధిలో ఆ కారు మూడుసార్లు ఆగిపోయిందంట. హమాలీలు ఈలలేశారంట. బాబుకి ఒళ్ళు మండి గట్టిగా తొక్కి వదిలాడు. అది ఎగిరి తొడిమలు తీసుకునే ఆడాళ్ళ మీదికి పోయింది. అందరూ లేచి ఉరికారు. ఒకామె లేవలేకపోయింది. లూర్దమ్మ అని, పెద్దావిడ. కాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది."

కృపారావు చేతిలో స్పానరు బల్ల మీద పెట్టాడు. అది దొర్లి కింద పడింది. తియ్యలేదు.

"ఎల్లుండి పేట పోలీసు స్టేషన్లో బెజవాడ బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చూస్తాడు," అన్నాడు రత్తయ్య. "బాలసుబ్రహ్మణ్యంగారు నన్ను పిలిపించారు. చక్రం కొయ్యడంలో పని చెడిపోయింది, అందుకే బండి దానంతటదే ఎగిరిందని నువ్వు చెప్పాలంట."

"పని చెడిపోలేదు."

"నాకు తెలుసురా."

"తెలిసి అడుగుతున్నారా?"

"ఈ షెడ్డు జాగా ఎవరిదనుకున్నావ్? వాళ్ళది. వాళ్ళు ఖాళీ చెయ్యమంటే నేనీ లేతు నెత్తిన పెట్టుకుపోవాలా? నీకేం ఉరి పడదు కృపారావ్. మిషను పని, పొరపాటు జరిగిందంటావు. అంతే."

"మూడు రోజులు నిలబడి చేసిన పని. పదకొండుసార్లు దొర్లించి చూశా. అది చెడిపోయిందని నా నోటితో నేను చెప్పాలా? నిన్న సీటు కడగమన్నారు, కడిగా. ఇవాళ ఇదా?" అతని గొంతు షెడ్డు రేకులకి తగిలి మోగింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. "చెప్పను. మీరు చెయ్యగలిగింది చేసుకోండి."

కోపంలో చొక్కా భుజాన వేసుకుని బయటికొచ్చాడు. గవర్నమెంటు హాస్పిటల్ మలుపు దాకా ఆ కోపం అతన్ని నడిపించింది. అక్కడ ఒక ముసలామె రోడ్డు దాటుతోంది, తలమీద చేట పెట్టుకుని. అతను ఆగిపోయాడు.

సాయంత్రం ఇంట్లో చెబితే జయమణి బడి పిల్లల పలకలు బొత్తిగా పేరుస్తూ కూర్చుంది.

"నిన్న మనిద్దరం నవ్వాం," అంది చివరికి.

*

మర్నాడు కృపారావు పేట ఆసుపత్రికి వెళ్ళాడు. వరండాలో చివరి మంచం. లూర్దమ్మ కాలు చెక్కబద్దల మధ్య కట్టు కట్టి ఉంది. వేలిగోళ్ళలో ఇంకా మిరప ఎరుపు పోలేదు. పక్కన ఆమె కూతురు ప్రేమకుమారి తాటాకు విసనకర్రతో విసురుతోంది.

"ఎవరు పంపిచ్చారు?" అంది లూర్దమ్మ అతన్ని చూడగానే. "రాజీ కాగితమ్మీద వేలిముద్ర కావాలంటే పొద్దున్నే చెప్పా, వెయ్యనని."

"నన్నెవరూ పంపలేదమ్మా. నా పేరు కృపారావు. నందిగామ లేతు షెడ్డులో టర్నర్ని."

విసనకర్ర ఆగిపోయింది. "మీరేనా?" అంది ప్రేమకుమారి లేచి నిలబడుతూ. "బండి చెడగొట్టింది మీరేనా? సిగ్గు లేకుండా ఎట్టా వచ్చారు?"

"నేను చెడగొట్టలేదు. అదే చెబుదామని వచ్చా. వాళ్ళు నామీదికి తోస్తున్నారు. బండిలో ఏ దోషమూ లేదు."

"మరెందుకు ఎగిరింది?" లూర్దమ్మ అడిగింది.

అతను చెప్పాడు. చక్రం తేలికైతే కాలు తేలిగ్గా ఆనించాలని, పాత అలవాటున వదిలితే ఆగుతుందని, కోపంతో తొక్కితే ఎగురుతుందని. పనిమాట చెబుతుంటే గొంతు కుదుటపడింది. ఆమె కళ్ళు చిట్లించి శ్రద్ధగా విన్నది.

"అట్టా తోలాలని ఆ బాబుకి తెలీదా?"

"తెలీదు."

"నీకు తెలుసు."

"తెలుసు."

"చెప్పావా?"

వరండా అవతల ఎవరో పళ్ళెం కింద పడేశారు. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆమె అతని మొహం వంకే చూస్తూ ఉంది.

"చెబుదామనే అనుకున్నానమ్మా. నేను కూర్చున్నానని పదిమందిలో నా చేత సీటు కడిగించాడు. కడిగాక అడిగాడు, ఇంకేమన్నా ఉందా అని. లేదన్నా. నలుగురిలో వాడి పరువు పోవాలనుకున్నా. మీదాకా వస్తుందనుకోలేదు."

ప్రేమకుమారి నోరు తెరవబోతే తల్లి చెయ్యెత్తి ఆపింది.

"సీటు కడిగిచ్చాడా," అంది లూర్దమ్మ. కాసేపు పైకప్పు పెంకుల్లోకి చూసింది. "నన్నైతే ముప్పై ఏళ్ళుగా దుకాణం అరుగు ఎక్కనివ్వరు. నాకు తెలవంది కాదు." తల గోడవైపు తిప్పుకుంది. "నీ రోషం పోయిపోయి నా కాలి మీద పడిందన్నమాట. ఇంక పో నాయనా."

అతను ఇంకా ఏదో చెప్పబోయాడు. ఆమె మళ్ళీ ఇటు తిరగలేదు.

బస్సులో నందిగామ దాకా కృపారావు కిటికీ ఊచ పట్టుకునే కూర్చున్నాడు. ఉమాకాంతం మీద కోపం రవ్వంత కూడా తగ్గలేదు. దానికి తోడు ఇప్పుడింకొకటి చేరింది. అది ఎవరి మీదో తెలుస్తూనే ఉంది గాని, దాన్ని వెళ్ళగక్కడానికి ఎదురుగా ఎవరూ లేరు.

*

పోలీసు స్టేషన్ ఆవరణలో కారు చుట్టూ యాభై మంది మూగారు. వేపచెట్టు కింద కుర్చీలో బాలసుబ్రహ్మణ్యంగారు, పక్కన చేతులు కట్టుకుని ఉమాకాంతం. రత్తయ్య తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ప్రేమకుమారి గేటు దగ్గర, మిరపకాయల వీధి ఆడవాళ్ళతో పాటు నిలబడింది.

బ్రేకు ఇన్‌స్పెక్టరు బక్కపల్చటి మనిషి, నెరిసిన మీసాలు. బ్రేకులు, స్టీరింగు, టైర్లు చూసి కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత ఎక్కి స్టార్టు చేశాడు. క్లచ్ వదిలాడు. కారు దగ్గి ఆగిపోయింది.

"చూశారా!" అన్నాడు ఉమాకాంతం.

రెండోసారీ ఆగింది. బాలసుబ్రహ్మణ్యంగారు కుర్చీలో ముందుకి వంగారు. "మేం మొదట్నించీ చెబుతోంది అదేనండీ. పనివాడు చేతకాక చెడగొట్టాడు. ఆ టర్నరు ఇక్కడే ఉన్నాడు, వాణ్ణే అడగండి."

రత్తయ్య వెనకనించి చొక్కా పట్టుకుని లాగాడు. కృపారావు విడిపించుకుని ముందుకొచ్చాడు.

"అయ్యా, బండి చెడలేదు. ఇరవై నాలుగు పౌన్ల ఫ్లైవీలు పదహారు చేశా. కాస్త రేజ్ ఎక్కువిచ్చి, క్లచ్ బాగా నిదానంగా వదలండి."

ఇన్‌స్పెక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. చెప్పినట్టు చేశాడు. కారు మెత్తగా కదిలి, ఆవరణ చుట్టూ ఒక చుట్టు తిరిగి, బయల్దేరిన చోటే ఆగింది. ఆయన దిగలేదు, పక్కసీట్లోకి జరిగాడు.

"నువ్వెక్కు. ప్రమాదం జరిగిన చోటికి పోనివ్వు."

"సార్, ఆ మనిషి నా సీట్లో..." అన్నాడు ఉమాకాంతం.

"ఆఁ? మీ సీట్లో?"

ఉమాకాంతం చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు.

మిరపకాయల వీధిలో గుట్టల మధ్య ఎడ్లబండి పట్టేంత దారి. ఘాటుకి ఇన్‌స్పెక్టరు తుమ్ముతూనే ఉన్నాడు. కృపారావు కారుని మనిషి నడకతో నడిపాడు. లూర్దమ్మ కూర్చున్న చోట ఆపాడు, మళ్ళీ కదిలించాడు, మళ్ళీ ఆపాడు. ఒక్కసారీ ఎగరలేదు, ఒక్కసారీ ఆగిపోలేదు. ఆడవాళ్ళు చేతుల్లో మిరపకాయలతోనే లేచి నిలబడి చూశారు. నాలుగు రోజుల కిందటైతే ఆ చూపులకి అతని ఛాతీ పొంగిపోయేది. ఇప్పుడు అతను దారి మీంచి కళ్ళు తిప్పలేదు.

తిరిగి వచ్చాక ఇన్‌స్పెక్టరు కారు మూత మీదే కాగితం పెట్టి రాస్తూ పైకి చదివాడు. "వాహనంలో యాంత్రిక లోపం లేదు."

"అయితే వీడు నాకెందుకు చెప్పలేదు?" ఉమాకాంతం గొంతు చీలిపోయింది. "అట్టా నడపాలని నాతో ఒక్క ముక్క అనలేదు!"

ఇన్‌స్పెక్టరు కలం ఆపాడు. "చెప్పావా?"

కృపారావు నోరు తెరిచేలోపు రత్తయ్య ముందుకి దూకాడు. గాలి ఎటు తిరిగిందో అతను కనిపెట్టేశాడు. రేపు కేసులో తన షెడ్డు పేరు రాకూడదు.

"చెప్పాడండీ! నేను పక్కనే ఉన్నా. రెండుసార్లు చెప్పాడు. బాబుగారు హుషారులో వినిపించుకోలేదు."

జనంలో గుసగుస లేచింది. ఉమాకాంతం తెల్లబోయి రత్తయ్యని చూశాడు. అబద్ధం ఎదురైతే పెద్దింటి పిల్లాడి మొహం కూడా ఎంత నిస్సహాయంగా ఉంటుందో కృపారావు ఆ క్షణం చూశాడు. ఊఁ అంటే చాలు. సీటు కడిగిన నీళ్ళ బాకీ వడ్డీతో సహా తీరిపోతుంది. గేటు దగ్గర ప్రేమకుమారి కదలకుండా అతన్నే చూస్తోంది.

"లేదండీ," అన్నాడు కృపారావు. "నేను చెప్పలేదు."

"ఒరేయ్..." అన్నాడు రత్తయ్య.

"చెప్పలేదు. ఆయన అడిగాడు కూడా. ఉందని తెలిసీ లేదన్నా. బండి నడిపి చూడ్డానికి సీట్లో కూర్చున్నానని, రోడ్డు మీద పదిమంది ముందు నా చేతే ఆ సీటు కడిగించారు. ఆ కోపంతో చెప్పలేదు. చెప్పుంటే ఆమె కాలు విరిగేది కాదేమో. అది నా తప్పు. రాసుకోండి." కారు వైపు చెయ్యి చూపించాడు. "కాని నా పని చెడిపోలేదు. అదీ రాసుకోండి."

ముందు తేరుకున్నది బాలసుబ్రహ్మణ్యంగారు.

"విన్నారుగా! ఒప్పుకున్నాడు. వీడిదే నేరం. రాయండి, రాయండి."

"రాస్తున్నానండీ," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "సీటు కడిగించిన సంగతి కూడా రాయాలి మరి. రాయనా?"

పెద్దాయన కుర్చీలో వెనక్కి జరిగారు.

"మూడుసార్లు ఆగిపోయిన బండి. ఎదురుగా బారెడు దూరంలో ఆడవాళ్ళు. దిగి తోయించుకోవచ్చు, వాళ్ళని లేవమనొచ్చు. అది చెయ్యకుండా గట్టిగా తొక్కి వదిలింది ఎవరు? ఈ టర్నరా, మీ అబ్బాయా?" కాగితం మడిచి హెడ్డు కానిస్టేబులుకి ఇచ్చాడు. "బండి ఎవరు తోలారో కేసు వాళ్ళ మీద రాయండి. ఈ మనిషి సాక్ష్యం విడిగా తీసుకోండి. మొత్తం తీసుకోండి, సగం కాదు."

సాక్ష్యం రాయించి, సంతకం పెట్టి కృపారావు బయటికొచ్చేసరికి రత్తయ్య గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు.

"నీకోసం అబద్ధం కూడా ఆడానే," అన్నాడు పళ్ళ బిగువున. "నన్ను అబద్ధాలకోరుని చేశావు. వాళ్ళకీ చెడ్డా, నీకూ చెడ్డా. రేపట్నించి షెడ్డుకి రాకు."

"మొన్న నీళ్ళు తెమ్మన్నప్పుడే మీరు ఒక్క మాట అనుంటే, ఇన్ని మాటలు ఎవరికీ అవసరం లేకపోయేవి రత్తయ్యగారూ," అన్నాడు కృపారావు. సమాధానం కోసం ఆగలేదు.

*

ఆసుపత్రి దాకా ప్రేమకుమారి ముందు నడిచింది, అతను నాలుగడుగులు వెనక.

లూర్దమ్మ మెలకువగానే ఉంది. కూతురు చెప్పబోతే, "ఆయన్నే చెప్పనీ," అంది.

కృపారావు నిలబడే చెప్పాడు. రత్తయ్య అబద్ధంతో సహా ఏదీ దాచలేదు. ఆమె మధ్యలో ఒక్కసారే ఆపింది, "అప్పుడు ఆ బాబు మొహం ఎట్టా ఉంది?" అని అడగడానికి. అతను చెప్పాక, "ఊఁ," అంది.

"కోర్టులో కూడా ఇట్టాగే చెబుతావా?"

"చెబుతానమ్మా."

"రెండూనా? ఆయన చేసిందీ, నువ్వు చేసిందీ?"

"రెండూ. నా కోపం మాత్రం ఇంకా పోలేదు."

"పోవడమెందుకు? నాదీ పోలేదు. ఆయన మీదా ఉంది, నీ మీదా ఉంది." నొప్పికి పెదవి కొరుక్కుంది. కాలి కింద ఎత్తుగా పెట్టిన దుప్పటి మడత జారి మంచం అంచుకి వచ్చేసింది. విసనకర్ర కింద పెట్టి లేవబోయిన కూతుర్ని వద్దంది. "నువ్వు కూర్చో. నీకు బరువాగదు. అబ్బాయ్, ఆ కాలు కాస్త ఎత్తి దుప్పటి సరిగ్గా పెట్టు. చూసి, మెల్లిగా."

కృపారావు చొక్కా చేతులు పైకి మడిచాడు. మోకాలి కింద ఒక చెయ్యి, మడమ కింద ఒక చెయ్యి పెట్టి, బద్దలు కదలకుండా ఎత్తాడు. ఆమె గట్టిగా ఊపిరి పీల్చింది. అతను ఆగాడు.

"ఆగమాక," అంది లూర్దమ్మ. "ఇంకాస్త పైకి."